డీ అండ్ డీ ఆడేటప్పుడు టేబుల్ దగ్గర అందరూ నోరు విప్పాలంటే

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో శనివారం సాయంత్రాలు డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట, ఆడిస్తుంటా, ఆరుగురు వస్తారు, పై ఫ్లోర్ కన్నడ ఆయన ఒక్కడు తప్ప అందరూ మనోళ్ళే. మొదటి మూడు సెషన్లు ఎలా నడిచాయంటే, నేను పావుగంట సేపు ఒక గుహని వర్ణిస్తా, ఆ గోడల మీద నాచు, ఆ నీటి చుక్కల చప్పుడు, అంతా అయ్యాక "సరే, ఇప్పుడు మీరేం చేస్తారు?" అంటా, ఆరుగురూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. చిప్స్ ప్యాకెట్ గలగల తప్ప ఏమీ వినపడదు. కాసేపటికి ఎప్పుడూ మాట్లాడే ఇద్దరే మళ్ళీ మాట్లాడతారు, మిగతావాళ్ళు "నేనూ వాళ్ళతోనే" అంటారు. వీళ్ళకి ఇంట్రెస్ట్ లేదేమో అనుకున్నా. కానీ ఇంట్రెస్ట్ లేనోడు శనివారం పూట రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి మా ఇంటికి ఎందుకొస్తాడు చెప్పండి. తప్పు నా దగ్గరుందని బుర్రకెక్కడానికి రెండు నెలలు పట్టింది, కొత్తగా ఆడించేవాళ్ళకి ఆ రెండు నెలలు మిగులుతాయని ఇది రాస్తున్నా.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. ఒకళ్ళు లోకాన్ని చెప్తారు, వాళ్ళని డీఎం (డంజన్ మాస్టర్) అంటాం, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని ఆ లోకంలో తిరుగుతారు, అయ్యే పనో కాదో అనుమానమొచ్చిన చోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. దీనికి వేలు తగలేయక్కర్లేదు, అయిదో ఎడిషన్ రూల్స్‌లో అసలు సరుకుని 2023 జనవరిలో, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేశారు, దించుకుని మొదలెట్టేయొచ్చు. తమాషా ఏంటంటే ఆ 1974 పుస్తకాల్లో ఆట ఎలా సాగుతుందో చూపించే సంభాషణ ఒకటుంది, అందులో మాట్లాడేది ఇద్దరే, ఒకడు రెఫరీ, ఇంకొకడు అందరి తరఫునా మాట్లాడే కాలర్. అంటే ఒకడు మాట్లాడ్డం, మిగతావాళ్ళు వెనకాల నడవడం ఈ ఆటకి పుట్టుకతో వచ్చిన రోగమే, మనం కనిపెట్టింది కాదు.

ముందు ప్రశ్న మార్చండి

పదిమందిలో పాము చావదు అంటారు కదా, "మీరేం చేస్తారు" అనే ప్రశ్న సరిగ్గా ఆ పాము. అందర్నీ అడిగితే ఎవర్నీ అడగనట్టే. పైగా మనవాళ్ళకి మొహమాటం ఒకటి, నేను ముందు మాట్లాడితే వేరేవాళ్ళ ఛాన్స్ లాక్కున్నట్టు ఉంటుందేమో, తప్పు చెప్తే నవ్వుతారేమో, ఇలా నలుగురూ నాలుగు లెక్కలేసుకుంటూ కూర్చుంటారు, ఈలోగా మొహమాటం లేనోడు కానిచ్చేస్తాడు.

కాబట్టి ఒకళ్ళని పేరు పెట్టి అడగండి, అదీ ప్లేయర్ పేరు కాదు, పాత్ర పేరు. ఏం చేస్తావ్ అని గాల్లో వదిలేయకుండా కళ్ళ ముందు ఒక వస్తువు పెట్టి అడగండి. "భద్రమ్మా, తలుపు సందులోంచి దీపం వెలుతురు కనిపిస్తోంది, లోపల ఎవరో దగ్గారు, నీ చెయ్యి గొళ్ళెం మీదుంది." ఇక్కడ ఆపేయాలి. ఇంక ఆమె ఏదో ఒకటి చెయ్యక తప్పదు, తలుపు తియ్యాలి లేదా చెయ్యి తీసెయ్యాలి, రెండూ కథే. వచ్చిన జవాబు వల్ల ఏదో ఒకటి మారాలి, చిన్నదైనా సరే. ఆమె చెయ్యి తీసేసినా తియ్యకపోయినా లోపలివాడు అదే డైలాగ్ చెప్తే, రెండోసారి ఆమె నోరు విప్పదు, విప్పితే ఏంటి లాభం అని ఆమెకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపొకలిప్స్ వరల్డ్ అనే ఇలాంటి ఇంకో ఆట‌లో ఈ రెండు ముక్కలూ రూల్స్‌లాగే రాసుంటాయి, పాత్రలతో మాట్లాడు ప్లేయర్లతో కాదు, ప్రశ్నలడుగు, వచ్చిన జవాబు మీద కట్టు అని. నేనది తర్వాత చదివి తల కొట్టుకున్నా.

అడిగాక నోరు మూసుకోండి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. నిశ్శబ్దం వచ్చిందంటే డీఎంకి ఒళ్ళు జలదరిస్తుంది, వెంటనే "అంటే, నువ్వు తలుపు తియ్యొచ్చు, లేదా కిటికీలోంచి..." అని మనమే మెనూ చదివేస్తాం. మనసులో పది లెక్కపెట్టండి, నెమ్మదిగా. ఏడు ఎనిమిది దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

వర్ణన విషయానికొస్తే మూడు వాక్యాలు చాలు, నాలుగోదానికి ఫోన్లు బయటికొస్తాయి. చిన్నప్పుడు ఊళ్ళో హరికథలు చూసినవాళ్ళకి తెలుసు, దాసుగారు ఒక్కరే రాముడు, ఒక్కరే రావణుడు, మనం వింటాం అంతే. బుర్రకథ అలా కాదు, కథకుడు నాలుగు ముక్కలు చెప్పాడో లేదో పక్కనున్న వంతలు అందుకుంటారు, ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం, కథకుడికి ఊపిరి తిరిగేది వాళ్ళ మాటల్లోనే. డీఎం బుర్రకథ చెప్పాలి, నేను మూడు సెషన్లు హరికథ చెప్పా.

మల్లయ్య బాకీ

మా గుంపులో అనంతపురం అబ్బాయొకడున్నాడు, టెస్టింగ్‌లో పని చేస్తాడు, మూడు సెషన్లలో కలిపి వాడు చెప్పిన వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాడి పాత్ర పిల్లి మల్లయ్య అనే దొంగ. ఒక గురువారం వాట్సాప్‌లో విడిగా వాడికి మెసేజ్ పెట్టా, మీ మల్లయ్య ఎవరికైనా బాకీ ఉన్నాడా అని, అంతే, పెద్ద ప్రశ్నల చిట్టా కాదు. టైపింగ్ టైపింగ్ అని చాలాసేపు కనిపించి చివరికి జవాబొచ్చింది: సత్రం ఓనర్‌కి 40 బంగారు నాణేలు, అమ్మ మందులకి తీసుకున్నాడు, వీళ్ళెవరికీ చెప్పలేదు.

శనివారం అందరూ సత్రంలో దిగారు. ఓనర్‌ని నేను బీటీఎం లేఅవుట్‌లో నేను తినే ఆంధ్రా మెస్ అన్నలా పెట్టా, భుజం మీద తువ్వాలు, చేతిలో లెక్కల పుస్తకం. మాట్లాడే ఇద్దరూ రూములు, రేట్లు, గుర్రాలకి గడ్డి అని బేరమాడుతుంటే ఓనర్ వాళ్ళని పట్టించుకోకుండా వాళ్ళ వెనక్కి చూసి, "మల్లయ్యా, మూడు నెలలైంది. నువ్వు ఇస్తావా, ఈ సాములిస్తారా?" అన్నాడు. టేబుల్ మొత్తం వాడి వైపు తిరిగింది. నేను లోపల లెక్కపెడుతున్నా, ఆరు, ఏడు. వాడు డైస్ చేతిలో తిప్పుతూ, గొంతు తగ్గించి, "అన్నా, వాళ్ళకి తెల్దు. పక్కకి రాన్నా మాట్లాడుకుందాం" అన్నాడు. వెంటనే భద్రమ్మ ఆడే అమ్మాయి "ఏం తెలీదు మాకు? ఏం మల్లయ్యా?" అని లేచింది. తర్వాత ముప్పావుగంట నేను ఏమీ చెయ్యలేదు, ఓనర్ తువ్వాలు సర్దుకోవడం తప్ప. రాక్షసుల్ని రెడీ చేసుకుని కూర్చున్నా, వాళ్ళని ఆ రోజు ఎవడూ చూడలేదు.

అంటే చెయ్యాల్సింది ఇది, మాట్లాడని ప్రతి ప్లేయర్ దగ్గరా సెషన్‌కి రెండ్రోజుల ముందు ఒక్క చిన్న నిజం తీసుకోండి. బాకీ, చుట్టం, భయం, దాచుకున్న వస్తువు, ఏదైనా. విడిగా అడగండి, టేబుల్ దగ్గర పదిమంది ముందు అడిగితే మళ్ళీ అదే మొహమాటం. అందరి నిజాలూ ఒకే రోజు వాడేయకండి, సెషన్‌కి ఒకళ్ళదో ఇద్దరిదో చాలు. వాళ్ళు ఇచ్చింది వాళ్ళని అవమానించడానికి మాత్రం వాడొద్దు, అమ్మ మందులని చెప్పాడు కదా అని అమ్మని చంపేస్తే వాడు మళ్ళీ మీకు ఏమీ చెప్పడు, నేనైతే చెప్పను.

భాష, వరసలు

ఇది చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో సగం జబ్బు ఇక్కడే ఉంది. మేం మొదట్లో ఇంగ్లీషులో ఆడాం, పుస్తకం ఇంగ్లీషు, వీడియోలు ఇంగ్లీషు, కాబట్టి ఆట కూడా అలాగే ఆడాలనుకున్నాం. వారమంతా ఆఫీస్ కాల్స్‌లో ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి వచ్చినవాడికి ఇక్కడ కూడా అదే అయితే ఇంకో మీటింగ్‌కి వచ్చినట్టే ఉంటుంది, మ్యూట్‌లో కూర్చుంటాడు. నాలుగో సెషన్ నుంచి పద్ధతి మార్చాం, రూల్స్ మాటలు ఇంగ్లీషే, అటాక్ రోల్, సేవింగ్ త్రో, హిట్ పాయింట్స్, వాటిని తెలుగు చెయ్యడానికి ప్రయత్నించకండి నవ్వొస్తుంది, కానీ పాత్రల మాటలన్నీ తెలుగులో, ఎవడి యాసలో వాడు. ఒక్కసారిగా టేబుల్ మీద కర్నూలు, కాకినాడ, వరంగల్ అన్నీ దిగాయి. తిట్లు కూడా బాగా పెరిగాయి అనుకోండి.

పై ఫ్లోర్ ఆయన సంగతి ఎలా అంటే, ఆయన పాత్ర డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు, డ్వార్ఫ్‌ల భాష కన్నడ అని ఫిక్స్ చేశాం. పాత్ర షీట్ మీద డ్వార్విష్ వచ్చని రాసున్నవాళ్ళకే ఆయన మాట అర్థమైనట్టు లెక్క, మిగతావాళ్ళకి నిజంగా అర్థమైనా అర్థం కానట్టు నటించాలి. ఆయన గనిలో దిగి ఏదో రాయి చూపించి "ఎష్టు గురూ?" (ఎంత గురూ?) అని అడిగినప్పుడు మల్లయ్య తెలీనట్టు పెట్టిన మొహం మేమింకా మర్చిపోలేదు.

వరసల గోల ఇంకోటి. మా టేబుల్ దగ్గర నలభై దాటిన ఆయనొకరున్నారు, మిగతా వాళ్ళలో ఇద్దరికి ఒకప్పుడు ఆఫీసులో లీడ్. ఆయన పాపం ఏమీ అనరు, కానీ ఆయన నోరు తెరిస్తే ఆ ఇద్దరూ "సర్ చెప్పినట్టే" అంటారు. సర్ అన్నాక ఇంక ఎదురు చెప్పేదేముంది. అప్పుడు పెట్టుకున్న రూల్, ఆట నడుస్తున్నంతసేపూ పాత్ర పేర్లే, పాత్రల మధ్య నువ్వు అనే, సర్ అన్నవాడు టీ పెట్టాలి. ఆయన ఇంకో అడుగు ముందుకేసి తన పాత్రని మార్చేసుకున్నారు, ముసలి మాంత్రికుడు కాస్తా పద్నాలుగేళ్ళ శిష్యుడయ్యాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఆయన్ని "ఒరేయ్ బుడ్డోడా, కట్టెలు తే" అంటుంటే ఆయనకంటే వాళ్ళకే ఎక్కువ సరదాగా ఉంది, ఎందుకో మీకూ తెలుసు.

ఎక్కువ మాట్లాడేవాళ్ళని ఏం చెయ్యాలి

ఆపకండి. ఎక్కువ మాట్లాడే ఆయన నోరు నొక్కితే టేబుల్ మొత్తం చల్లబడుతుంది, మొదటి రోజుల్లో ఆట బతికింది ఆయన వల్లే కదా. పంచిపెట్టే పని అప్పజెప్పండి. ఆయన ఒక ప్లాన్ చెప్పగానే, "బాగుంది, ఇందులో నీ ప్రాణం ఎవరి చేతిలో పెడుతున్నావ్?" అని అడగండి, ఆయనే ఇంకొకళ్ళ పేరు చెప్తాడు, ఆ పేరున్న మనిషిని తర్వాత మీరడుగుతారు. రూల్స్‌లో హెల్ప్ అని ఒక యాక్షన్ ఉంది, ఒకళ్ళు సాయం పడితే రెండోవాళ్ళు రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, సాయం ఎలా చేశావో సాయపడినవాళ్ళే నోటితో చెప్పాలని పెట్టండి. ఇంకా వినకపోతే సెషన్ అయ్యాక కింద టీ కొట్టు దగ్గర విడిగా చెప్పండి, అందరి ముందు కాదు.

ప్లానింగ్ గంటలు గంటలు సాగితే మాత్రం కత్తెరేయండి, అక్కడ కూడా మాట్లాడేది ఇద్దరే. 2017లో వచ్చిన జాన్ హార్పర్ బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆటలో దీనికి మంచి ఉపాయముంది, ప్లాన్ మొత్తం ముందే వేసుకోకుండా నేరుగా దొంగతనంలో దూకుతారు, అవసరమొచ్చినప్పుడు "నేను నిన్ననే కాపలావాడికి లంచమిచ్చా" అని ఫ్లాష్‌బ్యాక్ చెప్పొచ్చు, దానికి కొంత స్ట్రెస్ (ఆ ఆటలో పాత్ర మీద పడే ఒత్తిడి లెక్క) ఖర్చవ్వచ్చు. నేను డీ అండ్ డీలో కూడా సెషన్‌కి మనిషికొక ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చేశా. ప్లానింగ్‌లో నోరు తెరవనివాళ్ళే దీన్ని బాగా వాడుతున్నారు.

ఫైట్ వచ్చిందంటే నిద్ర

రూల్స్ ప్రకారం ఫైట్‌లో ఒక రౌండ్ అంటే కథలో ఆరు సెకన్లు. మా ఇంట్లో ఆ ఆరు సెకన్లు నలభై నిమిషాలు పట్టింది ఒకసారి. లెక్కేసుకోండి, ఆరుగురు, తలా అయిదు నిమిషాలు, పైన నా రాక్షసులు పది నిమిషాలు. మీ వంతు అయ్యాక మళ్ళీ వచ్చేదాకా ముప్పయ్యైదు నిమిషాలు ఏం చేస్తారు, రీల్స్ చూస్తారు, నేనైనా అదే చేస్తా.

వంతు పిలిచేటప్పుడు తర్వాత ఎవరో కూడా చెప్పండి, "మల్లయ్య ఇప్పుడు, భద్రమ్మ రెడీ". కొట్టే డైస్, దెబ్బ ఎంతో చెప్పే డైస్ రెండూ కలిపి ఒకేసారి వెయ్యమనండి. కొత్తగా గుంపు కడుతుంటే నలుగురు, మహా అయితే అయిదుగురు, ఆరుగురిని పెట్టుకుని నేను పడుతున్నా చాలు. ఎవడి హిట్ పాయింట్స్ (పాత్ర ఒంట్లో మిగిలిన బలం) అయినా సున్నాకి పడిపోతే వాడికి ప్రతి వంతులో మిగిలేది డెత్ సేవ్, అంటే బతుకుతాడో లేదో తేల్చే డైస్, ఒక్కటే, మూడు గెలిస్తే నిలకడ, మూడు ఓడితే పోయినట్టు, అది తప్ప పనుండదు, కాబట్టి వాడి చేతికి రెండు గాబ్లిన్లని, అంటే బుల్లి రాక్షసుల్ని, ఇచ్చేయండి. చచ్చేవాడి చేత ఫ్రెండ్స్‌ని కొట్టించడంలో ఉన్న ఆనందం వేరు, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా గాబ్లిన్ గొంతుతో అరుస్తారు. ఫైట్‌లో చంపడం కాక ఇంకో పని కూడా పెట్టండి, గంట మోగకుండా ఆపడం, బావిలో పడ్డ పిల్లని తియ్యడం, కత్తి పట్టని పాత్రలకి అప్పుడే పని దొరుకుతుంది.

ఆధారాలు వెతికే కథ అయితే ఒకటే డైస్ మీద అంతా వేలాడదీయకండి, అది ఫెయిలైతే టేబుల్ గడ్డకట్టిపోతుంది. ఇలాంటి ఆటల మీద రాసే జస్టిన్ అలెగ్జాండర్ చెప్పిన మూడు ఆధారాల పద్ధతి బాగుంటుంది, ప్లేయర్లకి తెలియాల్సిన ఒక్కో సంగతికి మూడు దారులు పెట్టండి, రెండు వదిలేసినా మూడోది దొరుకుతుంది.

ఫోన్లు, బిర్యానీ, వగైరా

ఫోన్లు బుట్టలో వేయించడం లాంటివి చెయ్యకండి, ఇది బెంగళూరు, ఎవడో ఒకడు ఆన్‌కాల్‌లో ఉంటాడు. ఆన్‌కాల్ ఉన్నవాడి పాత్రని ఆ రోజు కాపలాకి పెడతాం, వాడు ల్యాప్‌టాప్ తీస్తే బయట తలుపు దగ్గరున్నట్టు, మూసేస్తే పరిగెత్తుకుంటూ వచ్చి ఏదో వార్త చెప్పాలి, ఆ వార్త వాడిష్టం. తిండి మధ్యలో తెప్పించొద్దు, బిర్యానీ మూత తీశాక ఏ డ్రాగనూ నిలబడదు. ముందే తినేసి మొదలెట్టండి. పండగలకి సగం మంది ఊళ్ళకి పోతారు, సంక్రాంతి వారమైతే ముగ్గురే మిగులుతారు, క్యాన్సిల్ చెయ్యకుండా ఆ ముగ్గురితోనే ఆడండి, గుంపులో దొరకని మాటలు అప్పుడు దొరుకుతాయి.

మౌనం అన్నివేళలా రోగం కాదని కూడా చెప్పాలి. మా దాంట్లో ఒకమ్మాయి గంటకి రెండు మాటలు మాట్లాడుతుంది, కానీ నోట్‌బుక్‌లో గుహలు, సందులు, ఎవరెక్కడ నిలబడ్డారో అన్నీ గీస్తూ ఉంటుంది. నేను మొదట్లో ఆమెని కూడా పదే పదే పిలిచి చిరాకు తెప్పించా. ఇప్పుడు నేను మ్యాప్ గీయడం మానేశా, ఆమె గీసిందే అసలు మ్యాప్, ఆమె పొరపాటున ఒక తలుపు ఎక్కువ గీస్తే ఆ తలుపు నిజంగానే ఉన్నట్టు. ఆమె హాయిగా ఉంది, నేనూ పిలవడం తగ్గించా.

ఇంకో రకం మౌనం ఉంది, అది వేరు. ఒకసారి వైద్యశాల సీన్ పెట్టా, రక్తం, మూలుగులు బాగా లాగించి చెప్తున్నా, ఎప్పుడూ గోల చేసే కుర్రాడు ఒక్కసారిగా సైలెంట్ అయిపోయాడు. తర్వాత తెలిసింది వాళ్ళ నాన్న ఆ నెలలోనే ఐసీయూలో ఉండి వచ్చారని. అప్పట్నుంచి టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు పెడుతున్నా, జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి, ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సీన్ పక్కకి పోతుంది, ఎందుకని అడగకూడదు. క్యాంపెయిన్, అంటే సెషన్లు సెషన్లుగా సాగే పెద్ద కథ, మొదలెట్టేముందు ఒక సెషన్ పూర్తిగా మాటలకే ఇచ్చి, సెషన్ జీరో అంటారు దాన్ని, ఏవి వద్దో ముందే అడిగి ఉంటే ఆ రోజు అలా అయ్యేది కాదు.

సెషన్ అయిపోయాక చెప్పులేసుకునేలోపు అందర్నీ రెండు ముక్కలడగండి, ఈ రోజు ఇంకొకళ్ళు చేసినదాంట్లో నీకు నచ్చిందేంటి, వచ్చేసారి ఏం జరగాలి. "బాగుంది" అనే జవాబు ఒప్పుకోకండి. రెండో ప్రశ్నకి వచ్చినవన్నీ రాసుకోండి, వచ్చే శనివారానికి మీ పని సగం అయిపోయినట్టే, నేను ఈ మధ్య రాత్రుళ్ళు కూర్చుని కథలు తయారు చేసుకోవడం దాదాపు మానేశా.

మొన్న మల్లయ్య సత్రానికెళ్ళి 40 నాణేలూ బల్ల మీద పెట్టేశాడు, ఎవరూ పిలవకుండానే. ఓనర్ పుస్తకం తీసి వడ్డీ అన్నాడు, ఎంత అన్నది రెండు సెషన్లుగా నడుస్తూనే ఉంది, కట్టెలు తెచ్చే బుడ్డోడు మధ్యవర్తి.